బడి మాన్పించే ముందు

ఈ మధ్య మన వైపు ఊళ్లలోనూ ఒక ప్రశ్న వినబడుతోంది. కరోనా రోజుల్లో హైదరాబాదు, బెంగళూరు వదిలి ఊరికొచ్చి, ఇక్కడే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్లు కొందరున్నారు. పట్నం బడి ఫీజులు కట్టి కట్టి విసిగినవాళ్లు కొందరు. పొద్దున ఏడింటికి బస్సెక్కిన పిల్ల సాయంత్రం ఆరింటికి వాడిపోయిన మొహంతో దిగుతుంటే చూడలేని తల్లులు కొందరు. వీళ్లంతా అడిగేది ఒకటే: "బడి మాన్పించి ఇంట్లో మనమే చదివించుకుంటే పోదా?"

మా చిన్నాన్న కొడుకూ అదే అడిగాడు. "అక్కా, నువ్వు డిగ్రీ చదివావు. పిల్లకు నువ్వే చెప్పుకోగలవు. అయినా ఊరి హైస్కూలుకే పంపుతున్నావెందుకు?" అన్నాడు. వాడికి చెప్పిన జవాబే కాస్త వివరంగా మీకూ చెబుతాను.

నా అభిప్రాయం దాచుకోను. మన పత్తి, మిరప ఊళ్లలో పిల్లలుండాల్సింది బడిలోనే. వీలైతే నడిచి వెళ్లగలిగిన సర్కారు బడిలో. అయితే బడిలో వేశాం కదా అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. ఇంటి వంతు చదువు ఇంట్లో చెప్పాల్సిందే.

ఇంట్లో ఉన్న పిల్ల ఎక్కడుంటుంది?

బెంగళూరు అపార్టుమెంటులో బడి మానిన పిల్ల ఇంట్లోనే ఉంటుంది. పక్కన పుస్తకాలుంటాయి, నేర్పడానికి తీరిక చేసుకున్న తల్లో తండ్రో ఉంటారు. చిలకలూరిపేట, పర్చూరు, నరసరావుపేట, యర్రగొండపాలెం చుట్టుపక్కల బడి మానిన పిల్ల నాలుగు రోజులకు చేలో కనబడుతుంది.

మన ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. పత్తి గింజ పెట్టేదీ ఆ తొలకరికే. దసరా దాటాక పత్తి తీతలు మొదలై సంక్రాంతి దాకా సాగుతాయి. పండగ వెళ్లగానే మిరప కోతలు. పండు కాయ కోయడం, కల్లంలో ఆరబోయడం, తాలు ఏరడం, గోతాలకెత్తడం, యార్డుకు తోలడం, వీటితో ఏప్రిల్ దాకా ఊపిరాడదు. పదో తరగతి పరీక్షలు కూడా ఆ మార్చిలోనే. కూలి మనుషులు దొరకని పొద్దున ఇంట్లో ఖాళీగా కనబడే చేతులు బడి లేని పిల్లవే. "ఈ ఒక్కరోజుకు రామ్మా" అని మొదలవుతుంది. ఆ ఒక్కరోజు సీజనంతా అవుతుంది. చంటిపిల్లను ఎత్తుకోవడం, గేదెకు నీళ్లు పెట్టడం, మధ్యాహ్నానికి చేలోకి అన్నం మోసుకురావడం కూడా ఆ పిల్ల మీదే పడతాయి. తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాబట్టి ఇలా జరగదు. పనికి వేళ ఉంది, ఇంటి పాఠానికి గంట కొట్టేవాళ్లు లేరు. అంతే.

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లాలో వేలమంది పనిపిల్లల్ని బడికి మళ్లించి, 2003లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ సంస్థ పట్టుకున్న సూత్రం ఒకటే: బడిలో లేని ప్రతి పిల్లనూ పనిలో ఉన్న పిల్లగానే లెక్కవేయాలి. ఇది మొదట వింటే కటువుగా ఉంటుంది. జనవరిలో ఒక మిరపచేను గట్టు మీద నిలబడి చూస్తే అందులో అతిశయోక్తి లేదని తెలుస్తుంది. చట్టం కూడా గీత గీసింది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు సొంత ఇంటి పనికి సాయపడవచ్చు, అదీ బడి వేళలు అయ్యాక, లేదా సెలవుల్లో. బడే లేని పిల్లకు బడి వేళలంటూ ఏముంటాయి?

ఇంటి చదువు మనకు ఎంతవరకు సాగుతుందో కరోనా చూపించింది. 2020 మార్చిలో బడులు మూశారు. మధ్యలో కొన్నాళ్లు తెరిచి మళ్లీ మూసి, చివరకు 2021 ఆగస్టు 16న తెరిచారు. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పేరుతో పాఠాలు వేశారు. మా వీధిలో ఆ వేళకు టీవీ ముందు కూర్చున్న పిల్లలకంటే ఆటోలెక్కి పత్తి తీతకు పోయినవాళ్లే ఎక్కువ. బడి తెరిచాక వాళ్లలో కొందరు మగపిల్లలు తిరిగి రాలేదు. ఆడపిల్లల్లో పెద్దవాళ్లకు సంబంధాలు వచ్చేశాయి.

బడి ఇచ్చేది పాఠాలే అనుకుంటే పొరపాటు

పాఠం యూట్యూబులోనూ దొరుకుతుంది. ఎక్కడా దొరకనిది పక్కన కూర్చునే పిల్ల.

మన ప్రాంతంలో బడి బల్ల మీద చోటు అందరికీ ఊరికే రాలేదు. కవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. చదువుకునే రోజుల్లో బడిలోనే కులం పేరిట అవమానాలు పడ్డారు. అయినా చదువు వదల్లేదు, పెద్దయ్యాక తానే పంతులై పాఠాలు చెప్పారు. మన ఊళ్లలో ఇప్పటికీ పేటలు వేరు, గుళ్లూ చర్చిలూ వేరు, చాలాచోట్ల శ్మశానాలూ వేరు. ఊళ్లో అన్ని పేటల పిల్లలూ రోజూ ఒకే వరసలో కూర్చుని ఒకే గిన్నెలోంచి వడ్డించిన అన్నం తినే చోటు సర్కారు బడి ఒక్కటే. అక్కడ కూడా అంతా సవ్యంగా ఉందని నేననను. కానీ ఇంట్లో పెరిగే పిల్లకు ఆ అవకాశమే లేదు. మన ఇంటికి మన చుట్టాలొస్తారు, మన కులం వాళ్లొస్తారు. పక్క పేట పిల్ల తెలివితేటలు మన పిల్లకు తెలిసేది బడిలోనే.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా స్పష్టం. ఒకప్పుడు ఇంటి చదువంటే ఉత్తరం చదివేటంత, చాకలి పద్దు రాసేటంత. అక్కడితో ఆపేసేవాళ్లు. వాళ్లను ఇంటి గడప దాటించడానికే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం అనే విద్యాలయం పెట్టారు. నూరేళ్లు దాటినా ఆ అవసరం తీరిపోలేదు. బడి రిజిస్టరులో పేరున్న పిల్ల పది రోజులు రాకపోతే అడగడానికి ఒక టీచరు ఉంటారు. పద్నాలుగేళ్లకే పెళ్లి మాటలు నడుస్తుంటే ఆ పిల్ల స్నేహితురాళ్లకు తెలుస్తుంది, వాళ్ల ద్వారా మేడంకు తెలుస్తుంది. ఇంట్లోనే చదివే పిల్ల గురించి ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మన ఇళ్లలో మంచి జరుగుతుందనే నమ్మకం మనకుండొచ్చు. పిల్లకు మాత్రం ఇంటి బయట తన మాట వినే పెద్ద మనిషి ఒకరైనా ఉండాలి.

బడి మీద కోపం అబద్ధం కాదు

ఇంత చెప్పాక బడుల్లో లోపాలు లేవనుకోకండి. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడులు ఇంకా ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించినప్పుడు చిన్నపిల్లలు హైవే దాటాల్సొచ్చి తల్లులు గొడవ పెట్టిన ఊళ్లున్నాయి. ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేని పిల్లలు చాలామంది ఉన్నారని, పిల్లలు ఎంత నేర్చారో చూసే అసర్ సర్వేలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

ఫీజు కట్టే బడుల కథ మరో రకం. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని హాస్టల్లో వేస్తారు. పిల్ల తెల్లవారుజామున లేచి రాత్రి పదింటి దాకా బట్టీ పడుతుంది. నెలకోసారి ఔటింగు. దాని కోసం ఎకరం కౌలు డబ్బు పోస్తాం. ఇంటి చదువు గురించి ఆలోచించేవాళ్లలో చాలామంది నిజానికి ఈ హాస్టలు చదువు నుంచి పారిపోవాలనుకుంటున్నవాళ్లే. వాళ్ల బాధ నాకర్థమవుతుంది. అయితే ఆ చదువుకు విరుగుడు ఊరి బడిలోనే ఉంది, బడి లేకపోవడంలో లేదు.

చిన్నతనం తెనాలిలో గడిపిన రచయిత చలం బడుల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. బడి లోపల ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసిన మనిషి. పిల్లల్ని కొట్టి, భయపెట్టి దారికి తేవడం తప్పని 'బిడ్డల శిక్షణ' రాశారు. ఇప్పుడు ఆ మాట చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టమే ప్రాథమిక బడి ఊరికి దగ్గరలో ఉండాలంది, ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంది. ఇవన్నీ అడిగి తీసుకోవాల్సినవి.

అడగడానికి ఆ చట్టం మనకొక చోటూ ఇచ్చింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన ఊళ్లలో ఈ కమిటీ ఎన్నిక ఎప్పుడైందో కూడా చాలామందికి తెలియదు. సొసైటీ ఎన్నికకు కార్లు పెట్టుకుని వెళతాం, బడి కమిటీకి వెళ్లమంటే "మనకెందుకులే" అంటాం. 2019 నవంబరు 14న బడులు బాగుచేసే నాడు–నేడు పనులు మొదలుపెట్టింది మన ఒంగోలులోనే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టినప్పుడు ముఖ్యమంత్రి వచ్చింది మన బాపట్లకే. ప్రభుత్వాలు మారినా బడి మెట్లెక్కాల్సింది మనమే. కమిటీ మీటింగుకు వెళ్లి మూడు ప్రశ్నలడగండి: టీచరు పోస్టులు ఎన్ని ఖాళీ? మా పిల్ల గడగడా చదవగలుగుతోందా? ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయా? మూడు నెలలు వరసగా ఇవే అడిగితే నాలుగో నెలకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇంటి వంతు

ఇంటి చదువు కోరేవాళ్ల దగ్గర ఒక నిజం ఉంది. పిల్లకు విడిగా, తనకోసమే ఒక పెద్ద మనిషి తీరిక కావాలి. నలభై మంది ఉన్న తరగతిలో అది దొరకదు. ఆ తీరిక ఇవ్వడానికి బడి మాన్పించక్కర్లేదు, సాయంత్రం ఒక గంట చాలు. ఫోను పక్కన పెట్టాలి. సీరియలు కట్టేయాలి.

చదువు రాని తల్లిదండ్రులు కూడా ఇది చేయగలరు. "ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పు" అని కూర్చుంటే చాలు, పిల్లే టీచరవుతుంది. ఇప్పుడు సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. చదవడం వచ్చినవాళ్లు తెలుగు పేజీ పట్టుకుని పిల్లతో ముందు విషయం మాట్లాడించాలి. విషయం అర్థమైతే ఇంగ్లీషు పేజీ దానంతటదే కొంత తేలికవుతుంది. అర్థం కాకుండా ఇంగ్లీషులో అప్పగించిన పాఠం పరీక్ష మర్నాటికి మిగలదు.

మా ఇంట్లో మార్చి నెల లెక్కల పుస్తకం గుంటూరు మిర్చి యార్డు చీటీ. కాయ తోలిన రాత్రి మా ఆయన చొక్కా జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీసి మంచం మీద పెడతారు. దాన్ని విప్పగానే ఘాటుకు మా అమ్మాయికి తుమ్మొస్తుంది. అక్కడి నుంచి పాఠం. పది టిక్కీలు, అంటే పది గోతాలు, నాలుగు క్వింటాళ్ల ముప్పై కిలోలు తూగాయనుకోండి. క్వింటా 12,000 పలికితే 51,600 రూపాయలు. కమీషన్ నూటికి రెండు చొప్పున 1,032 తీసేస్తే 50,568. "గోతం బరువు ముందే తీసేశారా నాన్నా?" అని అడిగింది ఒకసారి. తీసేశారో లేదో చూడటానికి ఇద్దరూ చీటీని బల్బు కిందికి తీసుకెళ్లారు. తరవాత హమాలీ, కిరాయి, కోత కూలి ఒక్కొక్కటే కింద రాసింది. "మందుల షాపు బాకీ కూడా రాయమ్మా" అన్నారాయన. రాసింది. లెక్కలో మైనస్ గుర్తు ఎందుకుంటుందో మా పిల్లకు ఆ రాత్రి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సైన్సుకూ మన చేను చాలు. 2021లో నల్లతామర పురుగు వచ్చి మిరపపూత ఎలా రాలిపోయిందో ఈ ఊళ్లలో చూడనివాళ్లు లేరు. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొడితే పురుగు ఎందుకు చావదో, పత్తి కాయలో గులాబీ రంగు పురుగు ఎక్కడ దాక్కుంటుందో ఒక కాయ చీల్చి చూపిస్తే పిల్ల జీవితాంతం మరిచిపోదు. మనం 334 అని నంబరుతో పిలిచే మిరప రకం గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారంలో పుట్టింది. ఆ పేరు వెనక కొన్నేళ్లు ఒకే పని మీద కూర్చున్న శాస్త్రవేత్తలున్నారని చెప్పండి. చదువుకుంటే పొలానికి దూరమైపోవాలని లేదని పిల్లకు అర్థమవుతుంది. ఆదివారం చేనుకు తీసుకెళ్లడానికీ, సోమవారం కూలికి తీసుకెళ్లడానికీ ఉన్న తేడా మాత్రం మనం మరవకూడదు.

ఇంటి చదువే దారి అయినప్పుడు

కొందరు పిల్లలకు ఇల్లే బడి కావాలి. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకునే హక్కును 2012 సవరణ విద్యాహక్కు చట్టంలోకి తెచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక టీచర్లు మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వచ్చి నేర్పుతారు. ఇది తెలియక పదేళ్ల పిల్లల్ని గదిలోనే ఉంచేసిన ఇళ్లున్నాయి. మీ పక్కింట్లో అలాంటి బిడ్డ ఉంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసుకు వెళ్లి పేరు రాయించండి.

ఏ ఇబ్బందీ లేకపోయినా ఇంట్లోనే చదివించాలని గట్టిగా అనుకునేవాళ్లకు నా మాట ఇది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం చెబుతుంది. చేర్చని తల్లిదండ్రులకు అందులో శిక్ష రాయలేదు. దాన్ని అనుమతి అనుకోకండి. పద్నాలుగేళ్లు నిండాక ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారానో, 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారానో పదో తరగతి రాయవచ్చు. దారి మూసుకుపోలేదు. కానీ బయల్దేరే ముందు మిమ్మల్ని మీరు అడగండి. మీ ఇద్దరిలో ఒకరు వారానికి ఐదు రోజులు, పొద్దున మూడు గంటలు, మిరప కోతల్లోనూ కూర్చోగలరా? ఎనిమిదో తరగతి లెక్కలు, సైన్సు మీకు వచ్చా, లేక నేర్చుకుంటారా? మీ ఇంటివి కాని, మీ కులానివి కాని పిల్లలతో మీ పిల్ల రోజూ ఎక్కడ ఆడుకుంటుంది? ఒక ఏడాది గడిచాక "నేను బడికెళ్తా" అంటే ఎదురు చెప్పకుండా పంపుతారా? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే సరే. ఒక్కదానికి తడబడ్డా బడిలో వేయండి. మా చిన్నాన్న కొడుకు మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు. వాడి కొడుకు ఇప్పుడు మా ఊరి బడిలో మూడో తరగతి.

వలస వెళ్లే తల్లులకు

పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాల దగ్గర హోమ్‌స్కూలింగ్ అనే మాటే ఎవరూ ఎత్తరు. వాళ్ల పిల్లలు ముఠాతోపాటు ట్రాక్టరెక్కి వస్తారు, చేను గట్టున పరదా కింద పడుకుంటారు, మూడు నెలలకు బడి మరిచిపోతారు. ఆ తల్లులకు చెప్పేదొకటే. సీజనల్ హాస్టలు తెరుస్తున్నారేమో బయల్దేరే ముందే హెడ్మాస్టరును అడగండి. ఆడపిల్ల ఆరో తరగతికి వచ్చిందంటే కస్తూర్బా విద్యాలయంలో సీటుకు దరఖాస్తు పెట్టండి. రెండూ కుదరక పిల్లను వెంట తెచ్చుకుంటే, వచ్చిన ఊళ్లో బడికి తీసుకెళ్లండి. సంవత్సరం మధ్యలో వచ్చారనో, కాగితాలు లేవనో చేర్చుకోనంటే అది చట్టవిరుద్ధం. పనిలో పెట్టుకున్న రైతులం మనం. మన చేలోకి వచ్చిన పిల్లను బడి దాకా తీసుకెళ్లే బాధ్యత మనకూ ఉంది. కూలి ఖాయం చేసేటప్పుడే మేస్త్రీతో చెప్పండి, పిల్లలు కోతకు రాకూడదని.

బడి మంచిదా ఇల్లు మంచిదా అని తేల్చుకుంటూ కూర్చునే తీరిక మన పిల్లలకు లేదు. వాళ్లకు పగలు బడి కావాలి, సాయంత్రం మనం కావాలి. జూన్‌లో బడి గంట కొట్టేనాటికి మీ పిల్ల పేరు రిజిస్టరులో ఉండేలా చూడండి. కమిటీ మీటింగు ఎప్పుడో అదే రోజు కనుక్కోండి. ఆ సాయంత్రం నుంచే పిల్ల పక్కన కూర్చుని పుస్తకం తెరిపించండి.